మూస్ వేట ఆగిన చోట: ఉత్తర అమెరికా ఆదివాసీల అనుభవం, మన ఇటుకల పండగ
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే మనకు డప్పులు, థింసా, ర్యాలీ గుర్తుకు వస్తాయి. ఈ తేదీ ఎందుకొచ్చిందో కూడా ఒకసారి చెప్పుకోవాలి. 1982 ఆగస్టు 9న జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ జనాభాపై వేసిన కార్యవర్గం మొదటిసారి కూర్చుంది. 1994లో ఆ రోజును ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. కాబట్టి ఇది మన ఒక్క మన్యం పండగ కాదు. మనం ఎన్నడూ చూడని మనుషులతో కలిసి చేసుకునే పండగ. అందుకే ఈసారి మన కథ చెప్పేముందు, ఆ చూడని బంధువుల కథ ఒకటి చెప్పాలని మేము అనుకున్నాం. కెనడాలోనూ, అమెరికా ఉత్తరపు అంచునా ఉన్న ఆదివాసీలకు మూస్ అనే జంతువుతో ఉన్న అనుబంధం అది. ఆ జంతువు తగ్గిపోతుంటే వాళ్ళు ఏం చేశారన్నది అందులో అసలు సంగతి.

ముందు మూస్ అంటే ఏమిటో పిల్లల కోసం చెబుతాం. మన కణుజు తెలుసు కదా, మన అడవుల్లో దుప్పి జాతిలో పెద్దది. ప్రపంచంలోని దుప్పి జాతి మొత్తంలో పెద్దది మూస్. భుజం దగ్గరే ఆరు అడుగులు దాటి ఉంటుంది. మగది నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. పొడవాటి కాళ్ళు, వేలాడే పెద్ద మూతి, గొంతు కింద గంటలా ఊగే తోలు. మగదానికి అరచేతులు చాపినట్టు వెడల్పాటి కొమ్ములు ఉంటాయి. చలికాలంలో అవి రాలిపోతాయి, వసంతంలో మళ్ళీ మొలుస్తాయి. నీళ్ళలో మెడ దాకా దిగి తామర తూళ్ళ లాంటివి పీక్కుని తింటుంది. ఇంగ్లీషు వారికి ఈ జంతువు పేరు ఇచ్చింది కూడా ఆదివాసీలే. ఓజిబ్వే భాషలో దీన్ని మూజ్ అంటారు. ఆ భాషల కుటుంబంలోని పేరునే వలస వచ్చినవాళ్ళు పట్టుకుపోయారు.

ఈ జంతువుకు చలి ప్రాణం. చలికాలంలో సున్నాకు 5 డిగ్రీలు దిగువన ఉన్నంతవరకు సుఖంగా ఉంటుంది. అంతకంటే పెరిగితే దానికి ఉక్కపోత మొదలవుతుందని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. వేసవిలో 14 డిగ్రీలు దాటితే రొప్పుతుంది. మన లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మనం నాలుగు దుప్పట్లు కప్పుకుని మంట వేసుకునే చలి కూడా దానికి వేడే. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇక వేట. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి. మూస్‌లు జతకట్టే కాలం కూడా అదే. ఆ రోజుల్లో కుటుంబాలు కుటుంబాలుగా అడవిలో మకాం వేస్తాయి. తాతలు, నానమ్మలు, పిల్లలు అందరూ వెళతారు. వేటగాడు బిర్చ్ చెట్టు బెరడును గరాటులా చుట్టి, తెల్లవారే వేళ, పొద్దు గూకే వేళ చెరువు ఒడ్డున కూర్చుని ఆడ మూస్ మూలిగినట్టు పిలుస్తాడు. ఆ బెరడు గరాటుతోనే నీళ్ళు ముంచి ఎత్తి చెరువులో పోస్తాడు, ఆడది నీళ్ళలో నిలబడ్డట్టు చప్పుడు రావాలని. ఎండిన దబ్బ ఎముకతో పొదను గీకుతాడు, ఇంకో మగది కొమ్ములు రాస్తున్నట్టు. గాలి ఎటు వీస్తోంది, ఎంత సేపటికి ఒకసారి పిలవాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఇవన్నీ పక్కన కూర్చుని నేర్చుకునే విద్యలు. పుస్తకంలో చదివితే వచ్చేవి కావు.

జంతువు పడ్డాక పని అయిపోయినట్టు కాదు, మొదలైనట్టు. కోసి, పడవల మీద మోసుకురావాలి. మాంసాన్ని పల్చగా కోసి పొగ మీద ఆరబెడతారు, మన వరుగుల్లాగే. తోలును ఆ జంతువు మెదడుతోనే పదును పెట్టి, పొగ పట్టించి చెప్పులు, చేతి తొడుగులు కుడతారు. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతి విద్య. ముక్కు దగ్గరి మాంసం పెద్దవాళ్ళకు ఇష్టం. కుర్రాడు మొదటిసారి కొట్టిన జంతువును తాను ఉంచుకోకుండా పెద్దలకు, ఇతరులకు పంచిపెట్టడం చాలా తెగల్లో ఆచారం. ఓజిబ్వేలు పొగాకు సమర్పించి కృతజ్ఞత చెబుతారు. క్రీలు గొంతు కింద తోలును చెట్టుకు కడతారు, ఎముకలను కుక్కలు ముట్టకుండా చూస్తారు. గౌరవం తప్పితే ఆ జంతువు మళ్ళీ కనబడదని వారి నమ్మకం. మన పెద్దవాళ్ళు వేట వాటాలు వేసేటప్పుడు గొడ్డలి పట్టినవాడికీ, ఇంట్లో మంచాన పడ్డవాడికీ కూడా వాటా తీసిన రోజులు ఇక్కడ కూర్చున్న తాతలకు తెలుసు. కాబట్టి ఈ కథ మనకు కొత్తది కాదు.

ఇప్పుడు కష్టం దగ్గరికి వద్దాం. అమెరికాలోని మినసోటా రాష్ట్రం ఈశాన్య భాగంలో 2006లో సుమారు 8,800 మూస్‌లు ఉన్నట్టు లెక్క. 2013 నాటికి అవి సుమారు 2,700కి పడిపోయాయి. ఏడేళ్ళలో మూడింట రెండు వంతులకు పైగా పోయాయి. అదే రాష్ట్రం వాయవ్య భాగంలో అంతకు ముందే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వేట ఎక్కువై ఇలా జరిగిందా అంటే, కాదు. కారణాలు మూడు నాలుగు కలిశాయి.

ఒకటి పిడుదులు. మన పశువులకు పట్టే గోమార్ల లాంటివే. శరదృతువులో ఇవి గడ్డి మీద, పొదల మీద గుంపులుగా వేచి ఉండి, దాటిపోయే మూస్‌ను అంటుకుంటాయి. మంచు త్వరగా పడితే అవి చచ్చిపోతాయి. ఇప్పుడు మంచు ఆలస్యమవుతోంది, వాటికి ఎక్కువ రోజులు దొరుకుతున్నాయి. ఒక్కో మూస్ మీద పదుల వేల పిడుదులు ఉంటున్నాయి. దురద తట్టుకోలేక చెట్లకు రాసుకుని, వెంట్రుకలు ఊడి, తెల్లగా పాలిపోయి తిరుగుతాయి. దెయ్యపు మూస్ అని వాటికి పేరు పెట్టారు. 2014 నుంచి 2016 వరకు న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో దూడలకు కాలర్లు కట్టి చూస్తే, చలికాలం చివరికి సుమారు పదింట ఏడు చనిపోయాయి. వసంతం ఇంకా రాకముందే రక్తం లేక పోయాయి.

రెండోది మెదడు పురుగు. ఇది తెల్లతోక జింకల్లో ఉంటుంది, వాటిని ఏమీ చేయదు. వాటి పెంటలోంచి నత్తలకు చేరుతుంది. ఆకుతో పాటు ఆ నత్తను మింగిన మూస్‌కు పురుగు మెదడుకెక్కుతుంది. తల వాల్చుకుని, ఒకే చోట గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతుంది. చలి తగ్గే కొద్దీ, అడవి నరికి పొదలు పెరిగే కొద్దీ ఆ జింకలు ఉత్తరానికి వస్తున్నాయి, వాటితో పురుగూ వస్తోంది. మూడోది, నీరసించిన మందలో పుట్టిన దూడలను తోడేళ్ళు, ఎలుగులు పట్టడం. అన్నింటికీ వెనక వేడి. ఇందాక చెప్పిన 5 డిగ్రీలు, 14 డిగ్రీలు ఇక్కడ పనికొస్తాయి.

మరో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. మూస్‌లు అన్ని చోట్లా తగ్గలేదు. న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో 1904లో నాలుగింటిని తెచ్చి వదిలితే ఇప్పుడు లక్షకు పైగా ఉన్నాయి. అక్కడ తెల్లతోక జింకలు లేవు, తోడేళ్ళు అంతరించాయి. ఏటా వేట మాత్రం ఉంది. అంటే జంతువు బతకడం, చావడం ఒక్క వేటగాడి చేతిలో లేదు. దాని చుట్టూ ఉన్న అడవి ఎలా ఉంది, ఎవరు నరికారు, ఎవరు వేడెక్కించారు అన్నది పెద్ద ప్రశ్న. జంతువు తగ్గితే ముందు ఆదివాసీ వైపు వేలు చూపించే అలవాటు ఆ దేశంలోనూ ఉంది, ఈ దేశంలోనూ ఉంది.

అప్పుడు ఆ ఆదివాసీలు ఏం చేశారు? మూడు చోట్ల సంగతి చెబుతాం.

మినసోటాలో ఓజిబ్వేలు 1854లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. భూమి ఇచ్చారు గానీ ఆ భూమి మీద వేటాడే, చేపలు పట్టే హక్కు వదులుకోలేదు. 2013లో రాష్ట్రం మూస్ వేట ఆపేసింది. రాష్ట్రం మాట వీళ్ళ ఒప్పంద హక్కును తుడిచేయదు. అయినా ఆ ఒప్పంద భూముల్లో తెగలు కూడా వేట ఆపుకున్నాయి. 2016లో కొద్దిపాటి లెక్కతో, మగవాటిని మాత్రమే కొట్టాలని షరతు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాయి. గ్రాండ్ పోర్టేజ్ తెగకు సొంత జీవశాస్త్ర విభాగం ఉంది. మూస్‌లకు కాలర్లు కట్టి ఏది ఎందుకు చచ్చిందో వాళ్ళే తెలుసుకుంటున్నారు.

క్యూబెక్‌లో లా వెరెండ్రీ అనే పెద్ద వన్యప్రాణి రిజర్వు ఉంది. అక్కడి అనిషినాబే జనం మూస్‌లు తగ్గుతున్నాయని మొత్తుకున్నారు. బయటి నుంచి సరదా వేటకు వచ్చేవాళ్ళను కొన్నేళ్ళు ఆపమన్నారు. వినలేదు. 2020 శరదృతువులో రోడ్ల మీద శిబిరాలు వేసి కూర్చున్నారు. చివరికి 2021లో ప్రభుత్వం ఆ రిజర్వులో సరదా వేటను రెండేళ్ళు ఆపడానికి ఒప్పుకుంది. వాళ్ళ వాదానికి వెనక చట్టం బలం ఉంది. 1990లో కెనడా సుప్రీంకోర్టు ఒక చేపల వేట కేసులో వరస చెప్పింది. ముందు ఆ జీవి సంరక్షణ, తర్వాత ఆదివాసీల ఆహారం, ఆ తర్వాతే వ్యాపారం, సరదా. ఆ వరస మన అడవులకు కూడా ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

నోవా స్కోషియాలో మిక్‌మా జనానికి 1752 నాటి ఒప్పందం ఉంది. అందులోని వేట హక్కు నిజమైనదేనని 1985లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హక్కు గెలిచాక ఇష్టమొచ్చినట్టు కొట్టలేదు. కేప్ బ్రెటన్‌లో మూస్ వేటకు తమ నియమాలను తామే రాసుకున్నారు. వాళ్ళ భాషలో నెటుకులిమ్క్ అనే మాట ఉంది. ఇవాళ్టి అవసరానికి తీసుకో, రేపటివాళ్ళకు ఉంచు అని దాని సారం. పాత మాటను కొత్త నియమావళిగా మార్చారు.

ఈ మూడింటిలో ఒకే సంగతి కనబడుతుంది. వేటాడే హక్కు ఉన్నవాడికే వేట ఆపే హక్కు కూడా ఉంటుంది. ఆపు అని పైనుంచి ఎవరో చెప్పడం వేరు, ఇప్పుడు ఆపుదాం అని ఊరు కూర్చుని చెప్పుకోవడం వేరు. మొదటిదానిలో మనం నేరస్తులం. రెండోదానిలో మనం అడవి పెద్దలం.

ఇప్పుడు మా వృత్తికి దగ్గరి మాట. కెనడాలో ఆదివాసీ పిల్లలను ఒక లక్షా యాభై వేలకు పైగా రెసిడెన్షియల్ బడుల్లో వేశారు. జుట్టు కత్తిరించారు, భాష మాట్లాడితే కొట్టారు. ఎంతోమంది ఇంటికి తిరిగి రాలేదు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. హాస్టళ్ళు నడిపే మేము ఆ చరిత్ర చదివి ఊరికే పక్కన పెట్టలేం. మన ఆశ్రమ పాఠశాలలు వాటిలాంటివి కావు. మన పిల్లలకు అన్నం, చదువు, ఉద్యోగం ఇచ్చాయి. మా తరం ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది వాటి వల్లే. కానీ ఒక పోలిక మాత్రం ఉంది. పిల్లవాడిని పదేళ్ళు అడవికి దూరంగా ఉంచితే, అడవి చదువు చెప్పేవాళ్ళు ఉండరు. ఆరో తరగతిలో చేరినప్పుడు ఏ ఆకు దేనికో చెప్పగలిగిన పిల్ల, పదో తరగతి దాటేసరికి తడుముకుంటుంది.

క్యూబెక్ ఉత్తరాన ఉన్న క్రీలు దీనికి ఒక ఉపాయం చేశారు. 1975లో జేమ్స్ బే ఒప్పందం ద్వారా సొంత స్కూలు బోర్డు తెచ్చుకున్నారు. ఆ బడుల క్యాలెండర్‌లో రెండు సెలవులు ఉంటాయి. వసంతంలో బాతు సెలవు, శరదృతువులో మూస్ సెలవు. ఆ రోజుల్లో బడులు మూతపడతాయి, పిల్లలు తాతల వెంట అడవికి వెళతారు. అది చదువుకు అడ్డం అని వాళ్ళు అనుకోలేదు. అదీ చదువే అన్నారు. అదే ఒప్పందం కింద అడవి మీద బతికే కుటుంబాలకు, అడవిలో గడిపిన రోజులను లెక్కగట్టి ఆదాయ భద్రత ఇచ్చే పథకం కూడా నడుస్తోంది. 2002 నాటి మరో ఒప్పందంలో, చెట్లు నరికే ముందు ఒక్కో కుటుంబం వేట భూమిలో నాలుగో వంతును జంతువుల కోసం ప్రత్యేకంగా కాపాడాలని, ఆ భాగాన్ని ఆ భూమి పెద్దే చూపించాలని రాయించుకున్నారు.

మనకూ వేట పండగ ఉంది. చైత్రంలో ఇటుకల పండగ. విత్తనాలు పూజలో పెట్టి, పూజారి చేతి మీదుగా తీసుకుని ఇంటి విత్తనంలో కలుపుకుంటాం. మగవాళ్ళు విల్లు, బాణాలతో అడవికి వెళతారు. ఆడవాళ్ళం, పిల్లలం దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర చందా వసూలు చేస్తాం. ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళను ఆటపట్టిస్తాం. ఆ నవ్వుల వెనక ఒక లెక్క ఉంది. అడవిలో ఏముంది, ఏం తగ్గింది అని ఊరంతా ఏడాదికి ఒకసారి కలిసి చూసి రావడమే ఆ లెక్క.

ఇప్పుడు అడవిలో ఏముంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు భూమి మీద, అటవీ ఫలసాయం మీద, సాముదాయక అడవి మీద హక్కు ఇచ్చింది గానీ సంప్రదాయ హక్కుల జాబితాలో వేటను మాత్రం విడిగా పేర్కొని మినహాయించింది. ఇది చట్టం, దీన్ని అందరం పాటించాలి. వేటకు అనుమతి కావాలని మేము ఇక్కడ అడగడం లేదు. కణుజు, కొండగొర్రె ఎంత తగ్గాయో మీకే తెలుసు. కానీ అదే చట్టం 5వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. వన్యప్రాణులను, అడవిని, జీవ వైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. ఈ సెక్షన్‌ను మనం వాడుతున్నది చాలా తక్కువ. పట్టా కాగితం కోసం తిరిగినంతగా దీనికోసం తిరగలేదు. మినసోటాలోనూ, కేప్ బ్రెటన్‌లోనూ వాళ్ళు చేసింది సరిగ్గా ఈ పనే.

అందుకని ఈ సభ ముందు నాలుగు కోరికలు పెడుతున్నాం.

మొదటిది, ఇటుకల పండగ వచ్చేసరికి బడుల్లో వార్షిక పరీక్షలు నడుస్తుంటాయి. పండగ పరీక్షల మీద పడకుండా తేదీలు చూసి, బడులకు ఉండే స్థానిక సెలవులను దీనికి వాడేలా అధికారులను సంఘం తరఫున అడుగుదాం. పిల్లలు విత్తనాల పూజ ఫోన్‌లో వీడియోగా కాదు, కళ్ళతో చూడాలి.

రెండోది, వేటకు వెళ్ళే దారిని లెక్కకు వెళ్ళే దారిగా మార్చుకుందాం. విల్లు భుజానే ఉండనివ్వండి, అది మన గుర్తు. బాణం వదలకండి. అడుగు జాడలు, పెంట, నీళ్ళ తావులు, ఏ జంతువు కనబడింది, ఏది కనబడలేదు అని రాసుకుని, గ్రామసభలో చదివి, తీర్మానం రాయిద్దాం. ఏటా రాస్తే పదేళ్ళకు మన అడవి లెక్క మన దగ్గరే ఉంటుంది. రేపు గని అనో, ఆనకట్ట అనో ఎవరైనా వచ్చినప్పుడు ఆ పుస్తకమే మన సాక్షి.

మూడోది, జాడ తెలిసిన తాతలు, ఆకు తెలిసిన అవ్వలు నెలకో ఆదివారం హాస్టల్‌కు రావాలి. మేము కుర్చీ వేస్తాం, టీ ఇస్తాం. రాష్ట్రంలో 2004 నుంచి గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు చెప్పే ప్రయత్నం మొదలైంది. భాష పుస్తకంలోకి వచ్చింది, సంతోషం. జంతువు పేరు పుస్తకంలో ఉండి జంతువు అడవిలో లేకపోతే, ఆ పేరును పిల్లలకు బొమ్మ చూపించి చెప్పాల్సి వస్తుంది. ఆ పరిస్థితి రాకూడదు.

నాలుగోది, మీ ఇంటి ఆడపిల్లలను కూడా ఆ లెక్క దారిలో పంపండి. వేటకు ఆడవాళ్ళు వెళ్ళకపోవడం ఆచారం కావచ్చు. లెక్కకు వెళ్ళకూడదని ఏ ఆచారమూ చెప్పలేదు. మూస్ తోలు పదును పెట్టే విద్యను అక్కడ నిలబెట్టింది ఆడవాళ్ళే. ఇక్కడ కూడా విత్తనం దాచేది ఆడవాళ్ళే. అడవి లెక్క వాళ్ళ చేతిలో ఉంటే పోదు.

2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీ హక్కుల ప్రకటన మీద ఓట్లు పడ్డాయి. ఆ రోజు కెనడా, అమెరికా వ్యతిరేకంగా ఓటు వేశాయి. మన భారతదేశం అనుకూలంగా వేసింది. వ్యతిరేకంగా ఓటు వేసిన దేశాల్లో ఉంటూ కూడా ఆ జనం ఒప్పంద కాగితాలు పట్టుకుని, కోర్టుకెళ్ళి, రోడ్డు మీద కూర్చుని, తమ వేటను తామే ఆపుకుని అడవిలో పెద్దరికం నిలబెట్టుకున్నారు. అనుకూలంగా ఓటు వేసిన దేశంలో, చేతిలో గ్రామసభ ఉన్న మనం ఇంకా బాగా చేయగలం.

పిల్లలూ, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు తాతను ఒక ప్రశ్న అడగండి. నీ చిన్నప్పుడు ఈ కొండ మీద ఏమేం తిరిగేవి అని. ఆయన చెప్పిన పేర్లన్నీ నోట్సులో రాసుకుని తీసుకురండి. తప్పులు దిద్దం, మార్కులు వేయం. అందరివీ కలిపి ఒక పుస్తకం కుడతాం. వచ్చే ఆగస్టు 9న ఇదే వేదిక మీద మీరే చదువుదురుగాని.

 జై ఆదివాసీ.